మసేనమ్మ నిలబెట్టిన మడ అడవి

అనగా అనగా, గోదారమ్మ సముద్రుణ్ణి చేరే చోట ఒక మడ అడవి ఉండేది. దాని అంచునే ఒక బెస్తల ఊరు. ఆ ఊరికి పెద్ద మసేనమ్మ. ఉప్పునీటిలో దిగిన మడవేళ్ల నడుమ రొయ్యలూ పీతలూ పెరిగేవి. వాటితోనే ఊరు బతికేది.

ఒకనాడు రత్నశెట్టి అనే వర్తకుడు రాజును దర్శించాడు. "ప్రభూ! ఆ బురద అడవి నాకిప్పించండి. కొట్టించి ఉప్పుమళ్లు వేస్తాను."

రాజు మసేనమ్మను పిలిపించాడు. "సగం అడవి మీవాళ్లే నరికారట. నిజమేనా?"

బొంకితే ఆ పూటకు గండం గడిచేదే. అయినా ఆమె బొంకలేదు. "నిజమే ప్రభూ. మా చేతులతో పోగొట్టుకున్నది మా చేతులతోనే నిలబెడతాం. మూడేళ్లు గడువివ్వండి."

ఆ నిజాయితీ రాజుకు నచ్చింది. గడువిచ్చాడు.

ఊరు చేరగానే మసేనమ్మ, "ఇక అడవిలో ఎవరూ అడుగు పెట్టరాదు" అని కట్టడి చేసింది. కొద్దిరోజులకే సొంత ఆడపడుచు పైడమ్మ పచ్చికట్టెల మోపుతో ఎదురుపడింది.

"తప్పు కాదుటే పైడమ్మా?"

"తప్పే వదినా. మరి పొయ్యిలో నా కాళ్లు పెట్టమంటావా?"

మసేనమ్మకు ఊరి ఇబ్బంది అర్థమైంది. ఆ సాయంత్రమే అందరినీ కూర్చోబెట్టి కట్టడి మార్చింది. ఎండుపుల్లలు ఏరుకోవచ్చు, పచ్చికొమ్మ ముట్టరాదు. గుడ్లున్న పీతను నీళ్లలో వదిలెయ్యాలి. వంటచెరుకు చాలకపోతే తాటిమట్టలు తెచ్చి అందరూ పంచుకోవాలి. దొంగచాటు నరుకుడు ఆగిపోయింది. నరికిన చోటల్లా ఊరంతా మడమొక్కలు నాటింది.

రెండో ఏడు నాటిన మొక్కల్ని గేదెలు మేసేశాయి. ఊరివాళ్లు గేదెల కాపరి మీదికి కర్రలెత్తారు. మసేనమ్మ అడ్డం నిలిచి, "ఎందుకు తోలావయ్యా?" అని కాపరిని అడిగింది.

"ఎండలకి గడ్డి మాడిపోయిందమ్మా. వాటిని చంపుకోనా?"

"ఏటిగట్టు గడ్డి మేం కోసిస్తాం. మొక్కలకు నువ్వు కాపలా ఉండు."

కాపరి సరేనన్నాడు, మాట నిలుపుకున్నాడు.

మూడో ఏడు ఒక బీడులో నాటినవన్నీ ఎండిపోయాయి. నేలంతా తెల్లగా ఉప్పు పేరింది. "ఈ నేల చచ్చింది, వదిలేద్దాం" అన్నారు కొందరు.

మసేనమ్మ పోటు వచ్చేదాకా అక్కడే నిలబడి చూసింది. ఇసుక మేటవేసి, పోటునీరు బీడుదాకా రావడం లేదు.

"చావలేదురా! దాహంతో ఉంది. కాలవలు తవ్వండి!"

ఊరంతా కదిలింది. పైడమ్మ పలుగు పట్టింది, కాపరి తట్ట మోశాడు. నడుమ పెద్ద కాలవ, దానికి ఇరువైపులా చేపముల్లులా పిల్లకాలవలు. పోటునీరు గలగలా లోపలికి పరిగెత్తి, పేరిన ఉప్పును కడిగేసింది. మళ్లీ నాటిన మొక్కలు చిగురు తొడిగాయి.

గడువు ముగిసే వేళ పెనుతుపాను లేచింది. రత్నశెట్టి ఉప్పు పడవలు కడలిలో చిక్కి, దారిలేక మడ అడవి పాయలోకి దూరాయి. తాటిచెట్టంత కెరటాలు వచ్చి ముదురుమడల్ని ఢీకొన్నాయి. చెట్లు కాదు, కెరటాలే విరిగాయి, నురగలై జారిపోయాయి. ఊరిలో ఒక్క ప్రాణమూ పోలేదు, ఒక్క పడవా మునగలేదు.

రాజు స్వయంగా వచ్చాడు. అందరికంటే ముందు రత్నశెట్టే చేతులు జోడించాడు. "ప్రభూ, నా కోరిక వెనక్కి తీసుకుంటున్నాను. ఈ అడవే కొట్టించి ఉంటే, నా మనుషులు ఏ చెట్టు చాటున బతికేవారు?"

"ఈ అడవి నేటినుంచి ఈ ఊరి కాపుదలలోనే ఉంటుంది!" అన్నాడు రాజు.

డప్పులు మోగాయి. పైడమ్మ వదినను రెండు చేతులా ఎత్తి గిరగిరా తిప్పింది. ఏరు దద్దరిల్లేలా ఊరు ఊరంతా కేకలు వేసింది.

కాబట్టి పిల్లలూ, అడవి మీద బతికేవారి ఆకలి తెలుసుకుని, వారందరినీ కలుపుకున్నవారే అడవిని కాపాడగలరు.