'ట' మింగిన చిలుక

గవ్వలకోన అడవి నడుమ మూడురాళ్ల మడుగు ఉండేది. దుప్పులు, కోతులు, కుందేళ్లు, ముంగిసలు, రకరకాల పిట్టలు ఆ మడుగు నీళ్లు తాగే బతికేవి. ఒడ్డున వెడల్పాటి బండ ఒకటి ఉండేది. దాన్ని అందరూ కబుర్ల బండ అనేవారు.

పొద్దున్నే నీళ్లకు వచ్చిన జంతువులు కాసేపు ఆ బండ చుట్టూ చేరేవి. చెప్పడానికి ఏదైనా ఉన్నవాళ్లు బండ ఎక్కి చెప్పేవారు. దానికి ఒకటే కట్టుబాటు. కళ్లారా చూసినదైతే 'ఉంది' అనాలి. ఎవరో చెప్పగా విన్నదైతే చివర 'ట' చేర్చి 'ఉందట' అనాలి. అంత పెద్ద అడవీ ఆ ఒక్క చిన్న అక్షరాన్ని నమ్ముకుని నడిచేది.

మడుగు మీదికి వంగిన కొమ్మ మీద లచ్చి అనే లకుముకిపిట్ట ఉండేది. లచ్చికి ఒక జబ్బు ఉంది. ఏది చూసినా 'ఎందుకు?' అని అడగకుండా ఉండలేదు. మిణుగురులు పగలంతా ఎక్కడ పడుకుంటాయి? చీమలు గుడ్లు మోసుకుని వెళ్తున్నాయి సరే, ఆ ఇల్లు ముందే చూసి పెట్టుకుంటాయా? ఇలాంటివి బుర్రలో దూరితే చాలు, తిండి మీద ధ్యాస ఉండేది కాదు. ఎంత దూరమైనా వెళ్లి, తన కళ్లతో చూసి వచ్చేది.

అలా చూసి వచ్చి చెప్పిన రోజున బండ చుట్టూ చీమ చిటుక్కుమన్నా వినబడేది. నీళ్లు తాగుతున్న దుప్పి తల ఎత్తి అలాగే ఉండిపోయేది. అయితే ఒక్కో సంగతి చూసి రావడానికి లచ్చికి ఏడెనిమిది రోజులు పట్టేది. అన్ని రోజులూ బండ ఖాళీగా పడి ఉండేది.

"మధ్యలో ఏదో ఒకటి చెప్పరాదా?" అని ఎవరైనా అడిగితే లచ్చి ముక్కు ఎగరేసేది. ఊసుపోక కబుర్లు తన నోట రావనేది. ఆ తోక అక్షరం కళ్లు లేనివాళ్లకు కావాలి గానీ తనకెందుకు అనేది. పిట్ట చిన్నదే, టెక్కు మాత్రం ఏనుగంత ఉండేది.

ఖాళీ బండ చూసి పలుకుమణి అనే చిలుకకు ఆశ పుట్టింది. అది రోజూ పొద్దున్నే మడుగు అవతలి గట్టుకు వచ్చి ఎలుగుబంటి గురకను అచ్చం అలాగే పెట్టి చూపించేది. కోతులు పోట్లాడుకునే తీరు నటించేది. ఎక్కడెక్కడి పుకార్లో తెచ్చి 'అట, అట' అంటూ వినిపించేది. జంతువులు పొట్ట పట్టుకుని నవ్వేవి. అందులో తప్పు కూడా ఏమీ లేదు. నవ్వుకు నవ్వు, 'ట'కు 'ట'.

ఒకసారి లచ్చి తొమ్మిది రోజులు తిరిగి, ఎర్రచీమల సంగతంతా చూసి వచ్చింది. తను చెప్పినవాటిలో అదే గొప్పది అవుతుందని దారి పొడుగునా మురిసిపోయింది. తీరా బండ ఎక్కి చూస్తే తాబేలు తాత, ఒక ఎండ్రకాయ, నిద్రపోతున్న ముసలి దుప్పి తప్ప ఎవరూ లేరు. మిగతా అందరూ మడుగు అవతలి గట్టున చిలుక చుట్టూ ఉన్నారు. లచ్చి ఏడుపు మొహంతో అటే చూస్తూ సగం చెప్పి ఆపేసింది.

"ఏడవకు గానీ, ఒకటి చెప్పు" అన్నాడు తాబేలు తాత. "నువ్వు లేని రోజుల్లో ఈ బండ మీద ఏముంటుందే?"

లచ్చి ఆలోచించింది. "ఏమీ ఉండదు తాతా. ఉత్త బండ ఉంటుంది."

"ఉత్త బండను చూడడానికి ఎవరైనా ఎన్నాళ్లు వస్తారు?"

తాత మళ్లీ అడిగాడు. "పోనీ, నీకు రోజూ పెద్ద చేప పడుతుందా?"

"పడదు. వారానికి ఒకటి పడితే గొప్ప."

"మిగతా రోజులు పస్తుంటావా?"

"చిన్న చిన్న పరిగెలు తింటాను."

"వాటిని తింటున్నందుకు ఎప్పుడైనా సిగ్గుపడ్డావా? కబుర్లూ అంతే. పెద్దది దొరికిన రోజు పెద్దది పెట్టు. దొరకని రోజు పరిగె పెట్టు. పరిగెను పెద్ద చేప అని మాత్రం నమ్మించకు."

లచ్చికి ఆ మాట మనసుకు పట్టింది. మర్నాటి నుంచి పగలు ఎంత తిరిగినా పొద్దుటికి బండ దగ్గర ఉండాలని నిర్ణయించుకుంది. తీరా మర్నాడు బండ ఎక్కితే ఏం చెప్పాలో తోచలేదు. చీమల గురించి గంటసేపు చెప్పగలిగిన పిట్టకు ఒక్క చిన్న మాట దొరకలేదు. చివరికి, నిన్న చేప అనుకుని ఎండుటాకు మీద దూకానని, ముక్కు బురదలో దిగబడి పోయిందని చెప్పేసింది. అక్కడ ఉన్న నలుగురూ పగలబడి నవ్వారు. లచ్చికి కూడా నవ్వు వచ్చింది.

అలా మొదలైంది. ఒకరోజు పొడుపుకథ వేసేది. ఒకరోజు ఎవరి తోక ఎవరు తొక్కారో చెప్పేది. విన్నది చెప్పినప్పుడు 'ట' గట్టిగా పలికేది. పెద్ద సంగతి పట్టుకున్నప్పుడు, సగం చూశానని, మిగతా సగం చూశాక చెప్తానని బండ ఎక్కి చెప్పి మరీ వెళ్లేది. ఆ మిగతా సగం ఏమిటో తెలియక కుందేళ్లకు నిద్ర పట్టేది కాదు. నెల తిరిగేసరికి బండ చుట్టూ మళ్లీ సందడి పెరిగింది.

అవతలి గట్టున పలుకుమణి ఇది గమనించింది. దాని గురకను అందరూ నూరుసార్లు విన్నారు. ఎన్ని పుకార్లు తెచ్చినా 'అటలేగా' అని లేచిపోతున్నారు. చిలుకకు కడుపు మండింది. లచ్చి మాటకు ఉన్న బరువు తన మాటకూ రావాలనుకుంది. అందుకు దూరం తిరగాలి, ఎండలో ఎగరాలి. అంత ఓపిక దానికి లేదు.

ఇంతలో ఎండాకాలం ముదిరింది. ఆ ఏడు వానలు సరిగా లేవు. మూడురాళ్ల మడుగు రోజురోజుకూ కుంచించుకుపోయి, ఏనుగు పాదమంత నీళ్లు మిగిలాయి. తాబేలు తాత బురదలోకి దిగి, వానలు వచ్చేదాకా తనను లేపవద్దని చెప్పి పడుకున్నాడు.

అందరూ దిగులుగా ఉన్నారని లచ్చి ఒక ఆట పెట్టింది. నిన్న కంటబడిన వింత ఒక్కటి ఎవరికి వాళ్లు చెప్పాలి. ముంగిస లేచి, అడవిపంది ఒకటి మద్దిచెట్టుకు వీపు రుద్దిందని, ఆ మట్టి తన తోకకు అంటిందని విసుక్కుంటూ చెప్పింది. అందరూ నవ్వారు. లచ్చి మాత్రం తల పక్కకు వంచింది.

"పొడి మట్టా, తడి మట్టా?"

"తడిదే. కడుక్కుందామంటే నీళ్లేవి? నిన్నటి నుంచి నాకుతూనే ఉన్నాను."

అడవిపందులు మడుగుకు రాక ఇరవై రోజులైంది. మరి వాటి వీపుకు తడి మట్టి ఎక్కడిది? లచ్చి పాత జబ్బు తిరగబెట్టింది. రెండు రోజులు పంది అడుగుజాడలు పట్టుకుని దక్షిణంగా తిరిగింది. ఎండిపోయిన ఎర్రవాగు ఇసుక మీద ఒకచోట పసుపు సీతాకోకచిలుకలు గుంపుగా వాలి ఉన్నాయి. ముక్కుతో పొడిచి చూస్తే ఇసుక చల్లగా, తడిగా తగిలింది. అప్పటికి చీకటి పడుతుండడంతో లచ్చి వెనక్కి వచ్చేసింది.

మర్నాడు పొద్దున మడుగులో నీళ్లు పూర్తిగా అయిపోయాయి. జంతువులన్నీ బండ దగ్గర చేరాయి. పలుకుమణి అందరికంటే ముందు బండ ఎక్కి కూర్చుంది.

"ఉత్తరాన ఏనుగుగుండం నిండా నీళ్లున్నాయి. నాతో రండి" అంది.

నిజానికి ఆ సంగతి దానికి చెప్పింది దారిన పోయే ఒక కొంగ. కొంగ 'నీళ్లున్నాయట' అంది. ఆ కొంగకు ఇంకెవరో చెప్పారు. చిలుక ఆ 'ట'ను దారిలోనే మింగేసింది.

"నువ్వు చూశావా?" అని లచ్చి అడిగింది.

"చూసినట్టే" అంది చిలుక.

అప్పుడు లచ్చి తన సంగతి చెప్పింది. ఎర్రవాగులో తడి చూశానంది. నీళ్లు ఇంకా చూడలేదంది. సాయంత్రంలోగా చూసి వస్తానంది. సీతాకోకచిలుకలను పిండుకుని తాగుతారా అని పలుకుమణి ఎగతాళి చేసింది. గొంతు ఎండిన వాళ్లకు 'నిండా నీళ్లున్నాయి' అన్న మాట కంటే తీపి ఏముంటుంది? కోతులు, కుందేళ్లు, సగానికి పైగా దుప్పులు చిలుక వెంట ఉత్తరానికి కదిలాయి. నడవలేని ముసలి దుప్పి కూడా వాటి వెనక పడింది.

చుక్కమ్మ అనే ఆడదుప్పి మాత్రం కదలలేదు. దాని పక్కన నాలుగు రోజుల పిల్ల ఒకటి కాళ్లు వణుకుతూ నిలబడి ఉంది. తల్లికి పాలు ఇంకిపోతున్నాయి.

"నా బిడ్డకు ఒక్క దారి నడిచే ఓపికే ఉంది, లచ్చీ. తప్పు దారి పట్టిస్తే దక్కదు" అంది చుక్కమ్మ. "నువ్వు రోజూ వచ్చి మాట్లాడావు. ఏది చూశావో, ఏది చూడలేదో ఎప్పుడూ దాచలేదు. పోయి చూసిరా. అందాకా ఆగుతాం."

చుక్కమ్మ ఆగితే ఇంకో పదిపన్నెండు దుప్పులు, ముంగిస కూడా ఆగాయి. లచ్చికి భయం వేసింది. అక్కడ నీళ్లు లేకపోతే ఈ పిల్ల తన మాట నమ్మి చచ్చిపోతుంది. అంత భయం దానికి పుట్టి బుద్ధెరిగాక ఎప్పుడూ కలగలేదు.

రెక్కలు నొప్పి పుట్టేలా ఎగిరి ఎర్రవాగు చేరింది. సీతాకోకచిలుకలు వాలిన చోటు దాటి, వాగు మలుపు తిరిగింది. అక్కడ అడవిపందులు మూతులతో ఇసుక తవ్వి చెలమలు చేసుకుని ఉన్నాయి. మూరెడు లోతు గుంటల్లోకి నీరు బుడబుడా ఊరుతోంది. లచ్చి చూసి ఊరుకోలేదు. ముక్కు ముంచి, ఇసుకతో సహా గుక్కెడు తాగింది.

మధ్యాహ్నానికి తిరిగి వచ్చి అందరినీ వెంటబెట్టుకుని వెళ్లింది. దుప్పులు గిట్టలతో ఇంకో చెలమ తవ్వాయి. చుక్కమ్మ కడుపారా తాగింది. పిల్ల ముందు మూతి తడుపుకుని, తర్వాత తల్లి పొదుగు వెతుక్కుంది. అది చూసి లచ్చి కళ్లు చెమర్చాయి.

అక్కడ కూర్చోకుండా వెంటనే ఉత్తరానికి ఎగిరింది. ఏనుగుగుండంలో నెర్రెలు బారిన మట్టి, ఎండిన నత్తగుల్లలు తప్ప ఏమీ లేవు. జంతువులు ఎక్కడివక్కడ కూలబడి ఉన్నాయి. పలుకుమణి ఒక మోడు మీద నోరు మూసుకుని కూర్చుంది.

లచ్చిని చూడగానే కోతుల పెద్ద ఒకే ఒక్క మాట అడిగాడు. "చూశావా?"

"చూశాను. తాగాను కూడా."

ఇంకెవరూ ఏమీ అడగలేదు. లేచి నడిచారు. ముసలి దుప్పి సగం దారిలో పడిపోతే కోతులు ముందుగా పరుగెత్తి, మోదుగాకుల దొప్పల్లో నీళ్లు తెచ్చి నోట్లో పోశాయి. మర్నాటి పొద్దుటికి ఆఖరి కుందేలు కూడా చెలమ దగ్గరికి చేరింది.

కొంగే 'నీళ్లున్నాయట' అని చెప్పిందంటూ పలుకుమణి తప్పు దాని మీదికి నెట్టబోయింది.

"కొంగ 'ట' అనే చెప్పిందటగా. ఆ 'ట' ఎవరి కడుపులో ఉంది?" అంది చుక్కమ్మ.

ఆ రోజు నుంచి పలుకుమణి ఏం చెప్పినా వినేవాళ్లే చివర 'ట' చేర్చుకునేవారు. "తెల్లారింది" అని అరిస్తే, "తెల్లారిందట" అనుకుని తూర్పుకు తిరిగి చూసుకునేవారు. గురక పెట్టి చూపించినా ఎవరూ నవ్వడం లేదు. చిలుకకు అన్నిటికంటే అదే ఎక్కువ బాధ కలిగించింది.

మరో పొద్దున లచ్చి చెలమ పక్క ఇసుక దిబ్బ మీద వాలింది. ఏం గొప్ప సంగతి చెబుతుందోనని అడవి అంతా చెవులు నిక్కబొడుచుకుని కూర్చుంది. ఆ రోజు తాగిన నీళ్లలో ఇసుక ముక్కులోకి పోయిందని, ఉత్తరానికి వెళ్లే దారంతా తుమ్ముతూనే ఎగిరానని లచ్చి చెప్పింది. తుమ్మి కూడా చూపించింది. ముసలి దుప్పి నవ్వలేక నవ్వలేక పక్కకు ఒరిగింది.

నవ్వు ఆగాక లచ్చి రెక్కలు సర్దుకుంది.

"మరి ఇసుక కింద నీళ్లున్నాయని పందులకు ఎలా తెలిసింది? నాకు తెలియదు. ఇవాళ వాటి వెంట వెళ్లి చూస్తాను" అని చెప్పి, వాగు వెంబడి నీలంగా ఎగిరిపోయింది.

మర్నాడు ఎవరూ పిలవకుండానే అందరూ పొద్దు పొడవక ముందే వచ్చి కూర్చున్నారు.

నీతి: గొప్ప మాట చెప్పాలంటే స్వయంగా చూసి రావాలి. ఆ మాట వినడానికి నలుగురు ఉండాలంటే మిగతా రోజుల్లో చిన్న మాటలతోనైనా పలకరిస్తూ ఉండాలి. కానీ చిన్న మాటకు గొప్ప మాట వేషం వేస్తే రెండూ చెడతాయి.