సిర కట్టుకున్న తలుపులు

ఒకప్పుడు మనిషి ఒంట్లో నెత్తురుకి కిందికి దిగడమే తెలుసు, పైకెక్కడం తెలియదు. గుండె తోసిందంటే గబగబా పాదాల దాకా పరుగెత్తేది. తిరిగి రమ్మంటే మాత్రం, "అమ్మో, అంత ఎత్తా! నా వల్ల కాదు" అని అక్కడే చతికిలబడేది.

నెత్తుర్ని మళ్లీ గుండెకు చేర్చే పని సిరది. పాపం, సిర ఒట్టి పల్చటి గొట్టం. ఎంత పైకి తెచ్చినా నెత్తురు జర్రున జారిపోయేది. అందుకే అప్పటి మనుషులు కాసేపు పని చేసి, కాసేపు పడుకునేవాళ్లు. పడుకుంటే ఎక్కే బాధ లేదు కదా, నెత్తురు మెల్లగా గుండెకు చేరేది.

కానీ నూకరత్నం అనే ఆవిడకి పడుకునే వీలెక్కడిది? ఆమెది రొయ్యలు పట్టే పని. మోకాలి లోతు కాలువలో నిలబడి వెదురు బుట్టలు పెట్టేది. ఒకరోజు రొయ్యలు బాగా పడుతున్నాయి.

"ఇక చాల్లేవే, వచ్చి నడుం వాల్చు!" గట్టు మీంచి అత్త పైడమ్మ కేకేసింది.

"ఈ బుట్ట చూసి వచ్చేస్తానత్తా!"

లోపల గుండె గోల పెట్టింది. "సిరా, నెత్తురేదీ? నా దగ్గర అయిపోవస్తోంది!"

"రానంటోందక్కా, ఏం చెయ్యను?"

నూకరత్నానికి కళ్లు తిరిగాయి. బుట్టతో సహా నీళ్లలో పడిపోయింది. పైడమ్మ ఒక్క దూకు దూకి, కోడల్నీ బుట్టనీ గట్టుకి లాగి, ఆమెను పడుకోబెట్టింది. ఉబ్బిన పాదాలు ఒళ్లో పెట్టుకుని ఏడ్చింది. "ఎంత గండం తప్పిందే తల్లీ!"

ఆ ఏడుపు విని సిరకు మనసు కలుక్కుమంది. బయట ఏమైందో చూద్దామని చర్మం కిందికి పాకి వచ్చింది. ఎదురుగా రొయ్యల బుట్ట. కిందపడ్డ రొయ్యనొకదాన్ని పైడమ్మ బుట్ట మూతిలోంచి లోపలికి తోసింది. మూతి దగ్గరి పుల్లలు వంగి దారిచ్చాయి. రొయ్య వెనక్కి రాబోతే దగ్గరికి జరిగి మూసేశాయి.

"భలే!" అంది సిర. వెంటనే తన లోపలి పొరతోనే చిన్న చిన్న తలుపులు, జతలు జతలుగా, కాలి పొడుగునా కట్టేసుకుంది.

నూకరత్నం లేచి నిలబడింది. నెత్తురు అలవాటుగా కిందికి జారబోయింది. తలుపులు మూసుకున్నాయి.

"ఇదేంటి, దారి లేదే!"

"పైకి ఉందిగా, ఎక్కు," అంది సిర.

"నన్ను తోసేదెవరు?"

"నేనున్నాగా!" అంది కాలి పిక్క. "అమ్మాయి అడుగు వేసినప్పుడల్లా నిన్నో పిండు పిండుతాను."

నూకరత్నం గట్టు మీద నడిచింది. పిక్క పిండింది, తలుపులు తెరుచుకున్నాయి, నెత్తురు మెట్టు మెట్టుగా గుండెకు చేరింది. గుండె హమ్మయ్య అనుకుంది.

"మొహంలో కళ వచ్చిందే!" అంది పైడమ్మ.

"ఆకలేస్తోందత్తా," అంది నూకరత్నం. ఇద్దరూ నవ్వుకుంటూ ఇంటికి నడిచారు.

అప్పటినుంచే మన కాలి సిరల్లో తలుపులున్నాయి. కదలకుండా నిలబడితే కాళ్లు లాగేది, నాలుగడుగులు వేస్తే హాయిగా ఉండేది అందుకే. ఇక బయటి లోకం చూడటం మరిగిన సిరలు కొన్ని లోపలికి వెళ్లనే లేదు. మీ మణికట్టు చూసుకోండి, చర్మం కింద పచ్చపచ్చగా కనిపిస్తాయి.