చివరి సీనుకు కెమెరా ఎక్కడ?

"నా కథ ఎవరో బయటికి మోస్తున్నారు గురువుగారూ," అంది కాత్యాయని, గుమ్మంలో చెప్పులు కూడా విప్పకుండా.

శేషాచలం గారు ఉల్లిపాయలు తరుగుతున్నారు. ఒకప్పుడు ఆయన సినిమాలు తీశారు. ఇప్పుడు తీయబోయేవాళ్ళకు నేర్పుతున్నారు. ఆయన దగ్గరే పని నేర్చిన కాత్యాయని వచ్చే వారం తన మొదటి సినిమా షూటింగు మొదలుపెట్టబోతోంది.

"ఎవరు?"

"అదే తెలియడం లేదు. పొగాకు బ్యారన్ దగ్గర మంట కాసే ఆడమనిషి కథ అని ఇంకో సినిమా ఆఫీసులో ఎవరో చెప్తున్నారట. అది నాది కాక ఇంకెవరిది?"

"ఈ కథ పట్టుకుని నువ్వెన్ని ఆఫీసులు తిరిగావు?"

"అది వేరే విషయం."

ఆయన మళ్ళీ ఉల్లిపాయల వైపు తిరిగారు.

బ్యారన్ అంటే పచ్చి పొగాకు వేడికి ఆరబెట్టే ఎత్తైన గది. ఆకు ఆరేదాకా పొయ్యి ఆరకూడదు, ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉండాలి. కాత్యాయని కథలో ఆ ఒకరు సీతారావమ్మ. అన్నదమ్ముల పంటకు ఏళ్ళ తరబడి మంట కాసిన ఆ మనిషి చివరికి ఏం చేసిందన్నదే సినిమా. ఆ ముగింపు కాత్యాయని ఎవరికీ చెప్పలేదు. చెప్పలేదంటే, అందరికీ చెప్పింది. తలొకటి.

"కెమెరామన్ మస్తాన్‌కి ఒక ముగింపు చెప్పాను. ఆర్ట్ డైరెక్టర్ ఏసుబాబుకి ఇంకోటి. సీతారావమ్మ వేషం వేసే మంజీరకి మరోటి. ఒకరికొకరు చెప్పుకోకూడదని ఒట్టు కూడా వేయించుకున్నాను. ఇక ఏ ముగింపు బయట వినిపిస్తే వాళ్ళే దొంగ. ఎలా ఉంది?"

వాదనలో ఎదుటివాడి నోరు మూయించినప్పుడు ఆమె మొహం ఎలా వెలుగుతుందో అలా వెలిగింది.

"బాగుంది. మరి నాకు చెప్పింది?"

కాత్యాయని ఒక్క క్షణం తన చెప్పుల వైపు చూసుకుంది.

"మీకు చెప్పిందే అసలుది."

కాదు. ఆయన ఇంటికి రోజూ ఎందరు వచ్చిపోతారో ఆమెకు తెలుసు. గురువైనా నోరు నోరే కదా అనుకుంది.

శేషాచలం గారు కత్తి పక్కన పెట్టారు. "లొకేషన్ చూడ్డానికి వెళ్ళేటప్పుడు నన్నూ తీసుకెళ్ళు. దొంగని పట్టుకుందాం."

లొకేషన్‌కి వెళ్ళే దారిలో కొండపి ఊరు దాటేదాకా కాత్యాయని కారులో అందరినీ గమనిస్తూ కూర్చుంది. మస్తాన్ ఫోనులో గొంతు తగ్గిస్తే చెవి అటు వేసింది. ఏసుబాబు, మంజీర ఏదో అనుకుని నవ్వారు. ఆమె తిరిగి చూడగానే ఆపేశారు. ఎందుకు ఆపారు? ఆ నవ్వేదో తన ముందు నవ్వితే ఏం పోయింది?

నల్లరేగడి చేను మధ్య బ్యారన్ వాడకం లేక ఖాళీగా ఉంది. అవతల బస్సులు తిరిగే రోడ్డు.

"చివరి సీను ఇక్కడే కదా," అన్నారు శేషాచలం గారు. "దానికి కెమెరా ఎక్కడుండాలో ఎవరికి వాళ్ళు వెళ్ళి నిలబడండి. మాట్లాడుకోవద్దు."

"కెమెరా మస్తాన్ భాయ్ పని కదండీ?" అన్నాడు ఏసుబాబు.

"ఇవాళ అందరి పనీ."

మస్తాన్ చేనుకు అడ్డంపడి రోడ్డు వైపు నడిచాడు. ఏసుబాబు గోడ పక్కన పొయ్యి నోటి ముందు గొంతుకూర్చున్నాడు. మంజీర తిన్నగా బ్యారన్‌లోకి వెళ్ళి తలుపేసుకుంది.



"ఏం భాయ్, రోడ్డెక్కావ్? టీ కోసమా?" ఏసుబాబు కేకేశాడు.

"బస్సెక్కాలి కదరా ఆమె! నువ్వేంది, పొయ్యిలో తల పెట్టావ్?"

"తగలబెట్టాలిగా!"

"దేన్ని?"

"బ్యారన్‌నే!"

తలుపు ధడాలున తెరుచుకుంది. "బ్యారన్ తగలబెట్టడమేంటి? నేను లోపలే ఉండిపోవాలి కదా!" అంది మంజీర.

ముగ్గురూ ఒకర్నొకరు చూసుకున్నారు. తర్వాత కాత్యాయని వైపు తిరిగారు.

"ఒట్టు వేశానని మా ఇంటామెకి కూడా చెప్పలేదు మేడమ్," అన్నాడు మస్తాన్, దగ్గరికొస్తూ. అరవలేదు. అరిచి ఉంటే ఆమె జవాబు చెప్పగలిగేది.

వెనక ఇనుము కిర్రుమంది.

బ్యారన్ గోడకు ఆనించి పైకప్పు దాకా ఒక పాత ఇనప నిచ్చెన ఉంది. శేషాచలం గారు దాన్ని ఎక్కుతున్నారు. ఇంట్లో గడప దాటడానికే గోడ పట్టుకునే మనిషి.

సీతారావమ్మ కప్పెక్కి, మొదటిసారి ఊరంతా చూస్తుంది. ఆయనకు కాత్యాయని చెప్పిన ముగింపు అది.

"గురువుగారూ, దిగండి!"

"ఎందుకమ్మా? సీతారావమ్మ ఎక్కింది కదా. కెమెరా ఎక్కొద్దా?"

ఇంకో మెట్టు. తుప్పు పొలుసులు రాలి నేల మీద పడ్డాయి.

"పడిపోతారండీ!"

"అసలు ముగింపు కదా. దాని కోసం పడితే మాత్రమేం?"

ఇంకో మెట్టు. ఆయన కాలు జారి మళ్ళీ ఆనింది. కాత్యాయని పరుగెత్తి నిచ్చెన కాళ్ళు రెండు చేతులా పట్టుకుంది.

"అది కాదు గురువుగారూ. మీకు చెప్పింది కూడా... అది కాదు."

ఆయన ఆగారు. కిందికి చూడలేదు.

నిచ్చెన ఊగుతోంది. ఆమె ఒక్కదాని బలం చాలడం లేదు. పక్కనుంచి ఒక చెయ్యి వచ్చి పట్టుకుంది. తర్వాత మరొకటి. మసి అంటిన వేళ్ళు ఏసుబాబువి. అటువైపు మస్తాన్. మంజీర నిచ్చెనకు భుజం ఆనించి నిలబడింది. ఎవరూ కాత్యాయని మొహంలోకి చూడలేదు.

"అందరూ పట్టుకున్నారా?" పైనుంచి అడిగారు శేషాచలం గారు.

"పట్టుకున్నాం సార్," అన్నాడు మస్తాన్.

"అయితే దిగుతాను. దిగాక అందరం ఎక్కడ నిలబడాలో చెప్పమ్మా."