గున్నకు పురిటిల్లు

అనగా అనగా, చలికీ తోడేళ్ళకూ కొదవలేని కోనాపురమనే కొండరాజ్యం ఉండేది. ఆ రాజ్యంలో సలహాలకు కూడా కొదవ లేదు. ఆ సంగతి మీకే తెలుస్తుంది, వినండి.

రాజుగారి కుక్కల సావిడిని నూకాలమ్మ అనే ఆవిడ ముప్పై ఏళ్ళుగా చూసుకుంటోంది. సావిడిలోకెల్లా పెద్ద కుక్క గున్న. పుట్టినప్పుడే ఏనుగుపిల్లలా ఉందని ఆ పేరు పెట్టారు. పెరిగి పెరిగి అది దూడంత అయింది. గున్న మంద వెంట ఉందంటే తోడేళ్ళు కొండ దిగేవి కావు.

ఆ రోజుల్లో కుక్కలు మాట్లాడేవి. కాకపోతే అన్నం పెట్టినవాళ్ళతో మాత్రమే మాట్లాడేవి.

పుష్యమాసంలో ఒకనాడు గున్న గంజి ముట్టలేదు. నూకాలమ్మ ఒడిలో తల పెట్టి ఇలా అంది:

"అమ్మా, ఇంకో పదిహేను రోజుల్లో ఈనుతాను. పోయినసారి తొమ్మిదిమందిని కన్నాను, గుర్తుందా? నేను పడుకున్నప్పుడు గోడకూ నా వీపుకూ మధ్య నలిగి అయిదుగురు పోయారు. నా బరువే నా బిడ్డల్ని చంపింది. ఈసారి అలా కాకుండా చూడమ్మా."

నూకాలమ్మ కళ్ళు ఒత్తుకుంది. "ఒక్క పిల్లను కూడా పోనివ్వను. ముందు ఆ గంజి తాగు తల్లీ" అంది.

ఆ రోజే పని మొదలుపెట్టింది. సావిడి చివర గాలి దూరని పాత ధాన్యపు గది ఉంది. దాన్ని శుభ్రంగా కడిగి ఆరబెట్టింది. గున్న కాళ్ళు బారజాపి పడుకున్నా చోటు మిగిలేటట్టు చుట్టూ చెక్కలు నిలబెట్టింది. గున్న పొదుగు రాసుకోకుండా దాటాలి, పిల్లలు మాత్రం దొర్లి బయటపడకూడదు. అందుకని ముందువైపు చెక్కను అందుకు తగ్గ ఎత్తులో కోసింది. లోపల నాలుగువైపులా, చెక్కకు జానెడు దూరంలో, నేలకు జానెడు ఎత్తులో వెదురు బొంగులు కట్టింది. తల్లి ఎంత వెనక్కి ఒరిగినా వీపు బొంగుకు ఆనుతుంది. బొంగు వెనక పిల్లకు చోటుంటుంది.

నేల మీద పలచగా ఎండుగడ్డి పరిచి, దానిపైన గరుకు కంబళి బిగించి, ఉతికిన పాత చీరలు వేసింది. ఒక మూలన, చెక్కల అవతల, కుంపటి పెట్టింది. ఒక్క మూలనే! పిల్లలకు వెచ్చగా ఉండాలి, తల్లికి ఉక్కపోస్తే చల్లని వైపుకు జరగగలగాలి.

గున్న లోపలికి వెళ్ళి మూడుసార్లు చుట్టూ తిరిగి పడుకుంది. "బాగుందమ్మా" అంది.

న్యాయంగా అయితే కథ ఇక్కడితో అయిపోవాలి. కానీ ఈ సంగతి రాజుగారి చెవిన పడింది.

"నా గున్నకు పాత ధాన్యపు గదా? ఎంత మాట! మన పెద్దల్ని పంపుతాను" అన్నారు రాజుగారు. ఆయన మనసు మంచిదే. ఆ మంచితనమే నూకాలమ్మ కొంప ముంచింది.

మొదట ఆస్థాన స్థపతి భద్రాచారి వచ్చాడు. గది చూసి ముక్కు మీద వేలేసుకున్నాడు.

"ఈ బొంగులేమిటమ్మా అడ్డదిడ్డంగా? గోడ అందమంతా పోయింది!"

"అవి పిల్లలు నలగకుండా కట్టాను బాబూ."

"రెండు గోపురాలు కట్టినవాణ్ణి, నాకు చెప్తావా?" అంటూ ఆయన బొంగులు పీకించి, వాటి చోట తామరపువ్వుల చెక్కడాలు పెట్టించి వెళ్ళాడు. నూకాలమ్మ చెక్కడాలు తీసి బొంగులు కట్టింది. మర్నాడు ఆయన మళ్ళీ వచ్చి బొంగులు పీకాడు. ఆవిడ మళ్ళీ కట్టింది.

తరవాత పట్టు వర్తకుడు రత్నం శెట్టి వచ్చాడు. కంబళిని కాలితో తోసి, "రాచకుక్కకు ఈ గరుకు గుడ్డలా? ఛీ!" అన్నాడు. నెమలికంఠం రంగు పట్టుపరుపు వేయించాడు. గున్న దాని మీద కాలు పెట్టిందో లేదో, నాలుగు కాళ్ళూ నాలుగు దిక్కులకు జారాయి.

"అమ్మా, నేనే నిలవలేకపోతున్నాను. కళ్ళు తెరవని పసికూనలు పాలకోసం ఎలా పాకుతారు?" అని గున్న మూలిగింది.

నూకాలమ్మ ఆ మాట శెట్టికి చెప్పింది. "అలవాటైపోతుందిలే" అన్నాడు శెట్టి. పరుపు తీస్తే సాయంత్రానికి ఇంకోటి పంపాడు, ఇంకా నున్ననిది.

మూడో మనిషిగా రాజుగారి మేనత్త చంద్రమతమ్మ దిగింది. ఒంటరిగా దిగలేదు, పన్నెండుమంది ముత్తయిదువలతో దిగింది. గుమ్మానికి వేపమండలు కట్టించింది. గదినిండా సాంబ్రాణి పొగ వేయించింది. నాలుగు మూలలా నాలుగు కుంపట్లు పెట్టించింది. గున్న ముందుకాళ్ళకు గాజులు తొడగబోయింది. ముత్తయిదువలు చుట్టూ కూర్చుని మంగళహారతి పాట అందుకున్నారు.

"అమ్మగారూ, దీనికి కావలసింది పాట కాదండీ, ప్రశాంతత" అంది నూకాలమ్మ చేతులు జోడించి.

"నీకేం తెలుసే? నేను నలుగురు రాణులకు పురుడు పోయించాను" అంది చంద్రమతమ్మ.

గున్న తుమ్మింది. రొప్పింది. ఇంకోసారి తుమ్మి, ముత్తయిదువల మీదుగా ఒక్క దూకు దూకి బయటికి పోయింది. ఎక్కడికి పోయిందని చూస్తే, పెరట్లో విరిగిన బండి కింద చలిగాలిలో గుంత తవ్వుకుంటోంది.

"లోపలికి రావే తల్లీ. ఈ చలికి పిల్లలు బతకరు" అని నూకాలమ్మ బతిమాలింది.

"అక్కడికి రానమ్మా. నాకు కావలసింది చోటు, జనం కాదు. ఇక్కడికి ఎవరూ రారు" అంది గున్న. తవ్వడం ఆపలేదు.

ఇంకా మూడు రోజులే ఉన్నాయి. నూకాలమ్మకు తల ప్రాణం తోకకొచ్చింది. సావిడి గుమ్మంలో కూలబడింది. మీకు నవ్వొస్తోంది కదూ? ఆవిడకు ఏడుపొచ్చింది. పని తెలియనివాళ్ళకు పని చెప్పవచ్చు, వినిపించుకోనివాళ్ళకు ఏం చెప్పగలం? నోరు నొప్పి పుట్టేదాకా చెప్పింది. ముగ్గురిలో ఒక్కరు విన్నారా? రాకుండా ఉంటారా అంటే ఉండరు. తలుపు వేస్తే రాజాజ్ఞ అంటారు.

'వీళ్ళు ఊరుకోరు. ఊరుకోనివాళ్ళను ఆపకూడదు, ఇంకోచోటికి పంపాలి' అనుకుని ఆవిడ చటుక్కున లేచి నేరుగా కొలువుకు వెళ్ళింది.

"మహాప్రభూ, ఇంత గొప్పవాళ్ళ తెలివికి నా ధాన్యపు గది చాలడం లేదు" అంది.

భద్రాచారి, శెట్టి, చంద్రమతమ్మ ముగ్గురూ తలలూపారు.

"కోట అవతలి కొసన వసంత మండపం ఖాళీగా ఉంది. అక్కడ ఈ ముగ్గుర్నీ కలిసి ఒక పురిటిల్లు సిద్ధం చేయమనండి. 'ఇది బాగుంది' అని ముగ్గురూ ఒక్కమాటగా అన్న గడియలోనే గున్నను తీసుకొస్తాను. అంతదాకా పెద్దలెవరూ సావిడిదాకా శ్రమపడనక్కర్లేదు."

రాజుగారు ఎంతో సంతోషించారు. ముగ్గురూ అప్పుడే మండపానికి పరుగుతీశారు.

నూకాలమ్మ బొంగులు కట్టింది. కంబళి పరిచింది. మూడు కుంపట్లు తీసేసింది. పొగంతా పోయాక బండి దగ్గరకు వెళ్ళి పిలిచింది.

"వాళ్ళు మళ్ళీ వస్తారా?" అని గున్న అడిగింది.

"రారే తల్లీ. వాళ్ళకు చేతినిండా పని పెట్టొచ్చాను."

అక్కడ మండపంలో ఆచారి ద్వారం తూర్పుకుండాలన్నాడు. చంద్రమతమ్మ ఉత్తరానికన్నది. పొగ వేస్తే పట్టు మాసిపోతుందని శెట్టి గోల పెట్టాడు. రెండోనాడు రాజుగారు కూడా వెళ్ళి, "ఆ దీపం ఇంకొంచెం ఎడమకు జరిపితేనో?" అన్నారు. దాంతో మరో రోజు గడిచింది.

మూడోనాడు తెల్లవారాక గున్న ఈనింది. నూకాలమ్మ గుమ్మం బయట కూర్చుని, పిలిస్తేనే లోపలికి వెళ్ళింది. ఒకటి, రెండు, మూడు... మొత్తం పదకొండు పిల్లలు.

మర్నాడు మధ్యాహ్నం రాజుగారు ఆచారిని వెంటబెట్టుకుని వచ్చారు. "నూకాలమ్మా, ఏమీ అనుకోకు, మండపం ఇంకా..." అంటూనే ఆగిపోయారు. లోపలినుంచి కీచుకీచుమని వినబడుతోంది.

"ఈనిందా? నాకెందుకు చెప్పలేదు?"

"ముగ్గురి మాటా కలిసిందని కబురొస్తే గున్నను తెస్తానన్నాను ప్రభూ. కబురు రాలేదు. ఉన్నమాట చెప్పాలంటే, రాదనే ఆ మాటన్నాను. తప్పయితే దండించండి. పిల్లలు మాత్రం పదకొండూ ఉన్నాయి."

రాజుగారు లోపలికి ఒక కాలు పెట్టబోయారు. గున్న గుర్రుమంది. ఆయన కాలు వెనక్కి తీసుకుని గుమ్మం బయటే నిలబడ్డారు.

అంతలో గున్న లేచి, చెక్కల అవతలున్న తొట్టిలో నీళ్ళు తాగొచ్చి, అలసిన ఒళ్ళు ధబాలున వాల్చింది. ఒక పిల్ల దాని వీపు వెనక ఉండిపోయింది. కానీ గున్న వీపు వెదురు బొంగుకు ఆని నిలిచింది. బొంగు వెనక జానెడు చోటులో పిల్ల కాసేపు గింజుకుని, బొంగు కిందుగా పాకుతూ, కంబళిని గోళ్ళతో పట్టుకుంటూ వచ్చి పాలు అందుకుంది.

నూకాలమ్మ భోరున ఏడ్చేసింది. ఆచారి మాత్రం గొంతు సవరించుకున్నాడు.

"మహారాజా, ఆ బొంగు మీద ఒక చిన్న తామరపువ్వు చెక్కితే..."

"ఆచారీ, మండపానికి నడవండి" అన్నారు రాజుగారు. "నేనూ వస్తున్నాను. ఇక్కడ మన పని లేదు."

ఆ పదకొండూ పెరిగి పెద్దవై పదకొండు మందలు కాశాయి. వసంత మండపంలో ద్వారం ఎటుండాలన్నది నేటికీ తేలలేదట.

కాబట్టి పిల్లలూ, పెద్దలూ, పని తెలిసినవారికి మనం చేయగల మొదటి సాయం, వారికి అడ్డు తప్పుకోవడం.