భ్రమరాంబత్త ఇచ్చిన దేవకాంచనం

మా ఇంట్లో తెలివికి కొదవ లేదు. "మీ తెలివి తెల్లారినట్టే ఉంది" అని వీధిలో వాళ్ళే అంటుంటారు. తెల్లారడం మంచిదే కదా అని మేం మురిసిపోతుంటాం.

మా మేనత్త భ్రమరాంబ మాకో దేవకాంచనం మొక్క ఇచ్చింది. "చిన్న చెట్టే. వసంతం వచ్చిందంటే గులాబి రంగు పూలతో వాకిలంతా వెలిగిపోతుంది. దీన్ని కూడా చంపారో, ఇక మీ గడప తొక్కను" అంది. అత్తంటే మాకు ప్రాణం. ఇంకేముంది, ఆవిడ చెప్పింది చెప్పినట్టు చెయ్యాలని ఒట్టేసుకున్నాం.

"మొక్కకి ఊతకర్ర ఇవ్వండి" అంది. నాన్న వెంటనే తాతయ్య చేతిలో కర్ర లాక్కుని మొక్క పక్కన పాతాడు.

మర్నాడు అత్త ఫోన్ చేసింది. "మొక్క నిలబడిందా?"

"నిలబడింది అత్తా, తాతయ్యే పడ్డాడు" అన్నాను.

"రోజూ చెంబెడు నీళ్ళే. అంతకు మించి చుక్క పడకూడదు" అంది. అంతే, సాయంత్రం జోరున వాన! అమ్మా నాన్నా గొడుగులు తెచ్చి మొక్కకి పట్టారు. నేను ఆ గొడుగుల కింద దూరి చెంబెడు నీళ్ళు పోశాను. మొక్క బాగానే ఉంది. మాకే తుమ్ములు ఆగలేదు.

ఎలాగో అది మా తెలివిని తట్టుకుని నా ఎత్తు దాటింది. ఓ చలికాలం ఆకులన్నీ రాలిపోయాయి. "ఆకు రాలిస్తే భయపడకండి" అంది అత్త.

"నాకు భయమేస్తోందిరా" అన్నాడు తాతయ్య.

"పడొద్దని చెప్పింది కదా నాన్నా!" అని కసిరాడు నాన్న, తనూ వణుకుతూనే.

"ఇక మొగ్గ తొడుగుతుంది" అంది అత్త. ఏం తొడుగుతుందో చెప్పలేదు. అమ్మ వెతికి వెతికి నా పాత గౌను తెచ్చి కొమ్మకి తొడిగింది. కొన్నాళ్ళకి ఆ గౌను చిరుగుల్లోంచే పూలు తొంగిచూశాయి! మేం గంతులేశాం. నాన్న అత్తకి ఫోన్ చేశాడు.

"నిజంగా పూసిందా అన్నయ్యా! ఉండు, రెక్కలు కట్టుకుని వాలిపోతాను!"

నాన్న మొహం పాలిపోయింది. "చెల్లి భారీ మనిషే! ఈ లేత కొమ్మల మీద వాలితే ఇంకేమైనా ఉందా? పూలన్నీ నలిగిపోవూ!"

అంతే. రంపం తెచ్చాం. కొమ్మలన్నీ కోసేశాం. పూలు బీరువాలో పెట్టి తాళం వేశాం.

అత్త ఆటో దిగింది. "పూలేవి అన్నయ్యా?"

"భద్రంగా బీరువాలో ఉన్నాయి" అంటూ నాన్న ఆవిడ వీపు వెనక్కి తొంగిచూశాడు. "రెక్కలు ఆటోలో మర్చిపోయావేమో చూడమ్మా."

అత్త మోడు వైపు చూసింది. మా వైపు చూసింది. "మీకో దండం బాబూ!" అంది.

ఇంకేముంది, నాన్న చెప్పులు విడిచి, రెండు కాళ్ళూ ముందుకు చాపుకుని కూర్చున్నాడు.