నిండని సోల నోము

పిల్లలను దగ్గర కూర్చుండబెట్టుకొని, మాటలు కట్టిపెట్టి వినుడు.

ఒకప్పుడు నదీతీరమున అరుణపాదుడను ముని ధౌతకేశ మహామునికి నమస్కరించి, రెక్కలు ముక్కలు చేసికొనువారికి కడుపు నిండకుండుటకు కారణమేమి, ఆ దోషము ఏ వ్రతముచే తొలగునని అడిగెను. ధౌతకేశుడు తల వంచుకొని, ఇది చెప్పుటకే సిగ్గైన కథ యని మొదలుపెట్టెను.

పూర్వము మణికూట నగరమును సుకేతువర్మ యను రాజు పాలించుచుండెను. ఆతడు పొరుగురాజు వద్ద అప్పు తెచ్చి బంగారు మండపము కట్టించెను. వడ్డీ పెరిగి మెడకు చుట్టుకొనెను. పన్ను పెంచుడని మంత్రులు చెప్పిరి. జనులు తిట్టుదురని రాజు జంకెను. తుదకు రైతుల వద్ద పన్ను ధాన్యము పాత సోలతోనే కొలిపించుచు, కూలికిని అంగడి అమ్మకమునకును మాత్రము లోపల మందపు అడుగు వేసిన క్రొత్త సోలలు చేయించెను. పైకి అదే సోల, అదే కూలి, అదే ధర. జనులు మాత్రము చిక్కిపోయిరి. రాజు తన తెలివికి తానే మురిసెను.

ఆ యేడే గాదెలకు పురుగు పట్టెను, మండపము బీటలు వారెను, అప్పు మరింత పెరిగెను. అంతట రాణి మందారవల్లి ధాన్యలక్ష్మి నోము పట్టెను. కూలిచేయు వారి యింట సోలెడు బియ్యము యాచించి, వండి నివేదించుట ఆ నోమునకు ఉద్యాపనము. యాచించుట నామోషీ యని రాజు కోటలోని బియ్యమే తెప్పించెను. ఎంత మంట పెట్టినను ఆ బియ్యము ఉడుకలేదు.

తప్పక రాజును రాణియు సున్నము నూరు గవరమ్మ గుమ్మము ముందు నిలిచిరి. రాణి చేతిలోనిది పూజగదిలోని పాత నిండు సోల. దానిని మార్పించుట రాజు మరచెను. గవరమ్మ ఆనాటి కూలిబియ్యమంతయు పోసెను. సోల నిండలేదు.

"అయ్యో తల్లీ, తక్కువైపోనాదా? కొలిసినోరు నిండుగానే కొలిసినారు. నానే దారిలో ఒలకబోసీసినట్టున్నాను. ఏటనుకోకండి, ఉండండి" అని ఆమె లోనికి పోయి, బిడ్డల గంజికి మూటగట్టిన నూకలు తెచ్చి సోల నింపెను. రాజు ఆ బియ్యము పుచ్చుకొని దొంగవలె తిరిగివచ్చెను.

అన్నము ఉడికెను గాని, నైవేద్యము పెట్టబోగా దీపము కొండెక్కెను. వెలిగించిన కొలది కొండెక్కెను. తప్పు నీది కాదని ఆమెకు చెప్పితిరా యని, సోలలోని మోసము గ్రహించిన రాణి అడిగెను. చెప్పలేదని రాజు కుమిలిపోయెను.

గుట్టుగా సోలలు మార్చివేయుదమని మంత్రులు చెప్పిరి. రాజు వినక, అంగడి నడుమ నిలిచి తాను చేసిన మోసము తన నోటనే చెప్పెను. క్రొత్త సోలలు పగులగొట్టించి, మండపపు బంగారము ఒలిపించి అప్పు తీర్చెను. కాజేసిన ధాన్యము ఇంటింటికి మోయించి, గవరమ్మ యింటికి తానే మోసెను. ఆమె ఆ బస్తా చూచి, "ఇది మాకిచ్చేస్తే మీ ఇంట్లోకి తక్కువవదా, బాబూ?" అని అడిగెను. రాజు ఆ గుమ్మముననే ముఖము కప్పుకొని ఏడ్చెను.

ఆ సాయంకాలము దీపము నిలిచెను, గాదెలు నిండెను. సిగ్గు మాత్రము పోలేదు. దానిని పోగొట్టుమని రాజు మ్రొక్కగా, దేవి పలుకలేదు.

కావున పన్ను వేయువారును, ధర కట్టువారును, అప్పు తెచ్చి ఊరిమీద రుద్దువారును, కూలి కొలుచువారును ఈ నోము నోచవలెను. వారికి ఋణము తీరును, ధాన్యము వృద్ధియగును, చేసినది జన్మాంతము గుర్తుండును.

కథ విన్నవారు మన యింట పనిచేయువారికి మొదట వడ్డించి, పిమ్మట అక్షతలు తలపై వేసికొనుడు.