గంగిరెద్దు మెచ్చిన శిక్షణ

...ఏమనుకోకు శారదొదినా, నాలుగు వాయిస్ మెసేజులు పెట్టాను, ఇంకా కథలోకే రాలేదు. మీ ఆఫీసులో ట్రైనింగు అయ్యాక ఎలా ఉందంటే అందరూ బాగుందన్నారని చెప్పావు చూడు, అప్పుడే గుర్తొచ్చింది. సరే, ఇక సూటిగా చెప్పేస్తా.

నెమలికోట రాజు రణమల్లుడికి ఓ రోజు ఓ బుద్ధి పుట్టింది. కోట కాపలావాళ్లు పని సరిగ్గా చేస్తున్నారో లేదో తేల్చి, రానివాళ్లకి నేర్పించాలని. తనే ఓసారి వెళ్లి చూస్తే సరిపోయేది. అలా చూస్తే రాజెందుకవుతాడు? దండపాణి అనే పండితుణ్ణి పిలిపించాడు.

ఈ దండపాణిగారు జన్మలో ఒక్క రాత్రి కాపలా కాయలేదు. కానీ కాపలా మీద శతకం రాశారు!

"శిక్షణ నాకొదిలెయ్యండి ప్రభూ. నెల తిరిగేసరికి కోటలోకి పిట్ట దూరదు" అన్నారు.

ఇంకేముంది, రోజూ మధ్యాహ్నం కాపలావాళ్లంతా సభలో కూర్చుని పద్యాలు వల్లించడమే. మరి ద్వారాలో? ఈటెని గోడకి ఆనించి, దానికి తలపాగా తగిలించి వచ్చేసేవాళ్లు. దూరం నుంచి మనిషి నిలబడ్డట్టే ఉంటుందిగా!

చివర్లో గురువుగారు "శిక్షణ ఎలా ఉంది నాయనలారా?" అనేవారు. అప్పటికే పక్కగదిలోంచి బూరెల వాసన. "బ్రహ్మాండం!" అని అందరూ తలలూపేవాళ్లు.

రానిది ఒక్కడే. ఉత్తర ద్వారం కాసే ముసలి గుర్రప్ప.

"నేనొస్తే ఇక్కడెవరుంటారు సామీ?" అన్నాడు, పిలవడానికొచ్చిన గురువుగారితో.

"తలపాగా పెట్టి రావయ్యా, అందరూ పెట్టట్లేదూ?"

"తలపాగా ఎవర్నీ ఆపదు గదా సామీ."

గురువుగారికి ఒళ్లు మండిపోయింది. నెలాఖరున రాజుగారితో చెప్పేశారు. "అందరూ ఉత్తములే ప్రభూ, తలా ఓ వెండి కడియం ఇవ్వండి. గుర్రప్ప మాత్రం ఒక్క పాఠానికీ రాలేదు, ఒక్క పద్యం రాదు, పైగా ఎదురు మాట. కత్తి తీసుకుని, కోటలో ఇచ్చిన ఇల్లు ఖాళీ చేయించి పంపించెయ్యండి."

పాపం ఆ ముసలాడు ఇల్లు పోతే ఎక్కడికి పోతాడొదినా? రాజుగారికి అదేం పట్టలేదు. "కడియాలూ, గుర్రప్ప సంగతీ రేపు సభలో తేల్చేద్దాం" అన్నాడు.

రాజుగారి పక్కన తమలపాకుల పెట్టె పట్టుకుని నిలబడే నాగసాని అని ఒకావిడ ఉండేది. ఆవిడ నోరు తెరిస్తే మంత్రులు పక్కకి తప్పుకునేవాళ్లు.

"ప్రభూ, రేపు నేనూ ఓ చిన్న పరీక్ష పెట్టొచ్చా?" అంది.

"పెట్టుకో తల్లీ! మావాళ్లు దేనికైనా సిద్ధం" అన్నారు దండపాణిగారు మీసం దువ్వుకుంటూ.

మర్నాడు సభ నిండిపోయింది. కాపలావాళ్లు వరసగా నిలబడి "కాపలావాడు కదలరాదు, కన్ను మూయరాదు" అని గొంతెత్తి పాడుతున్నారు.

ఇంతలో పీపీమని సన్నాయి. గజ్జెల మోత. రంగురంగుల బొంత కప్పుకున్న గంగిరెద్దు నేరుగా సభలోకొచ్చేసి, సింహాసనానికి కట్టిన బంతిపూల దండ తింటోంది! వెనకే దాన్ని ఆడించేవాడు.

కాపలావాళ్లేం చేశారంటావ్? గురువుగారు పద్యం ఆపొద్దని సైగ చేశారు. వాళ్లు ఇంకా గట్టిగా పాడారు!

"ఎవడ్రా నువ్వు? లోపలికెలా వచ్చావ్?" అన్నాడు రాజు.

"నాగసానమ్మ ఆడించమని పిలిచింది దొరా. ముందు ఉత్తర వాకిలికెళ్లాను. అక్కడి ముసలాయన చేతికర్ర అడ్డంపెట్టాడు. బసవన్న చేత దణ్ణం పెట్టించినా కరగలేదు. తూర్పు వాకిలికొచ్చి తలపాగాని అడిగాను. అది కాదన్లేదు."

సభలో ఎవరో కిసుక్కుమన్నారు.

"అన్యాయం ప్రభూ!" అని లేచారు దండపాణిగారు. "గంగిరెద్దు మా పాఠాల్లో లేదు! శిక్షణ బాగుందని ప్రతి ఒక్కడూ తలూపాడు. అంతకంటే రుజువేం కావాలి?"

నాగసాని తమలపాకుల పెట్టె పక్కనపెట్టి ఎద్దు దగ్గరికెళ్లింది.

"బసవన్నా, గురువుగారి శిక్షణ బాగుందా?"

ఎద్దు గంటలు మోగేలా తలూపింది.

"అన్నీ అర్థమయ్యాయా?"

ఇంకోసారి ఊపింది.

"కడియం కావాలా?"

కొమ్ములకి కట్టిన కుచ్చులు ఎగిరిపడేలా ఊపింది!

నాగసాని రాజు వైపు తిరిగింది.

"ప్రభూ, గురువుగారి లెక్కలో ఇతనూ ఉత్తముడే. గుర్రప్పని పంపించేసి ఉత్తర ద్వారానికి ఇతన్నే పెట్టుకుందామా?"

రాజుగారు ఆపుకోలేక పకపకా నవ్వాడు. నవ్వి నవ్వి కిరీటం చేత్తో పట్టుకున్నాడు. ఆయన నవ్వాక సభంతా నవ్వింది, పద్యాలు పాడేవాళ్లతో సహా. కడియాలు ఎవరికీ లేవని చెప్పి, మెళ్లో ముత్యాల దండ తీసి నాగసానికిచ్చాడు. పట్టుశాలువా తీసుకుని తనే నడుచుకుంటూ ఉత్తర ద్వారానికెళ్లి గుర్రప్పకి కప్పాడు. దండపాణిగారి సంగతంటావా, ఆయన్ని మాత్రం... ఆఁ? వస్తున్నానండీ! గ్యాసు బండ వచ్చిందట వదినా, మా ఆయన కేకలే